దిర్హముల అప్పు, రూపాయల సంపాదన

ఇచ్ఛాపురం, సోంపేట, పలాస ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్ళిన మనవారిలో దుబాయిలోనే ఇల్లు కొనదలచేవారూ ఉన్నారు. అద్దె సొమ్మునే వాయిదాగా కడితే ఇల్లు మనదవుతుందన్నది వారి లెక్క. దానిని చివరిదాకా వేసి చూద్దాం.

10 లక్షల దిర్హముల ఫ్లాటు అనుకోండి. విదేశీయుని మొదటి ఇంటికి బ్యాంకు 80 శాతానికి మించి ఇవ్వదు. 2 లక్షలు చేతిసొమ్ము కావాలి. భూమి శాఖకు బదిలీ రుసుము 4 శాతం, 40 వేలు. తనఖా నమోదుకు అప్పులో 0.25 శాతం, 2 వేలు. మధ్యవర్తికి సాధారణంగా 2 శాతం, 20 వేలు. ఈ 62 వేలు తిరిగిరావు. ఆపైన ఏటేటా భవన నిర్వహణ రుసుము. ఇల్లు ఖాళీగా ఉన్నా తప్పదు.

వడ్డీకి దూరంగా ఉండదలచినవారికి ఇస్లామీ బ్యాంకుల ఇజారా ఉంది. బ్యాంకే ఇల్లు కొని, అద్దెకిచ్చి, చివరకు అప్పగిస్తుంది. అయినా ఇతర ఖర్చులు తొలగిపోవు.

అసలు ప్రమాదం వేరు. ఉద్యోగం పోయి ఊరు చేరితే సంపాదన రూపాయలలో, వాయిదా దిర్హములలో. 1997 నుండి డాలరుకు 3.6725 దిర్హములన్నది స్థిరమైన రేటు. కనుక డాలరు ముందు రూపాయి పడినప్పుడల్లా వాయిదా బరువెక్కుతుంది.

అప్పును వ్రాసి ఉంచుకోమని అల్ బఖరా 282వ ఆయతు ఆదేశిస్తున్నది. సంతకానికి ముందు ఆ పత్రాన్ని భార్యాభర్తలు కలిసి చదవాలి. ఆరు నెలలు జీతం లేకున్నా వాయిదా కట్టగలమా? లేమనిపిస్తే అద్దె ఇల్లే మేలు.