కొన్న ధర వేరు, పోషించే ధర వేరు

సంతలో ఎద్దును కొనే రైతు దాని ధర ఒక్కటే అడిగి ఊరుకోడు. పళ్లు లెక్కపెడతాడు, గిట్టలు ఎత్తి చూస్తాడు, ఎంత మేస్తుందో విచారిస్తాడు. మరునాటి నుండి గడ్డి వేయవలసినది తానేనని అతనికి తెలుసు. కార్ల విషయంలో మన యువకులు ఈ పాటి విచారణ కూడా చేయడం లేదు. ముఖ్యంగా వేగం కోసమే తయారైన స్పోర్ట్స్ కార్ల విషయంలో వారు ధర దగ్గరే ఆగిపోతున్నారు. గల్ఫ్ దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లల నుండి ఈ విషయమై ప్రశ్నలు వస్తున్నందున ఈ నెల దీనినే ఎత్తుకున్నాము.

మా వద్ద చదువుకొని ఇప్పుడు షార్జాలో లెక్కలు రాసే ఉద్యోగంలో ఉన్న ఒక యువకుడు ఇటీవల మాకు ఉత్తరం రాశాడు. అక్కడి సూఖ్ అల్ హరాజ్ అనే పాత కార్ల బజారులో 2004లో తయారైన పోర్షే 911 కారు అమ్మకానికి ఉన్నదట. కొత్త కొరొల్లా కంటే తక్కువ ధర చెబుతున్నారట. "మౌలానా సాబ్, ఇంత తక్కువకు దొరికినప్పుడు కొంటే అది ఇస్రాఫ్ అవుతుందా?" అని అడిగాడు. అతని అమ్మీ, అబ్బా నంద్యాలలో ఉంటారు. ఇల్లు అతడు పంపే డబ్బుతోనే నడుస్తుంది. చెల్లెలి నిఖా రమజాన్ తర్వాత జరగవలసి ఉన్నది. కాబట్టి ఈ ప్రశ్నను కేవలం ఒక కుర్రవాని ముచ్చటగా మేము తీసుకోలేదు.

ముందుగా అతడు గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. కారు పాతబడే కొద్దీ దాని ధర పడిపోతుంది గాని, దాని విడిభాగాల ధర పడిపోదు. నాలుగు లక్షల దిర్హముల కొత్త కారు ఇరవై ఏళ్ల తర్వాత అరవై వేలకు వచ్చిందనుకుందాం. దాని బ్రేకు పళ్లేలు, క్లచ్, నీటి పంపు మాత్రం నాలుగు లక్షల కారుకు తగిన ధరకే వస్తాయి. అరవై వేల కారుకు తగిన విడిభాగాలంటూ ఏ కర్మాగారంలోనూ తయారు కావు. పైగా కారు కొత్తగా ఉన్నప్పుడు దానికి అవసరం రాని మరమ్మతులన్నీ ఇప్పుడే అవసరమవుతాయి. మొదటి యజమాని ధనవంతుడు. రెండవవాడు ఓ మోస్తరు వ్యాపారి. మూడవవాడో నాల్గవవాడో అయిన మన కుర్రవాని చేతికి వచ్చేసరికి ఖర్చు ఎక్కువ, స్తోమత తక్కువ. చాలా సందర్భాల్లో ధర అంతగా తగ్గడానికి కారణం కూడా అదే. పాత యజమానులు చేయించక వదిలేసిన సర్వీసింగు అంతా అప్పులా ఆ కారు మీద పేరుకుని ఉంటుంది.

షార్జా పారిశ్రామిక ప్రాంతంలో ఒక గ్యారేజీలో పని చేసే మరో శిష్యుని ఈ కారు గురించి వివరాలు అడిగాము. అతడు ఓపికగా అంతా చెప్పాడు. ఈ కారుకు ఇంజన్ వెనుక ఉంటుంది. దానిని చల్లబరిచే రేడియేటర్లు మాత్రం ముందు బంపర్ లోపల, గాలి దూరే సందుల్లో ఉంటాయి. ఆ సందుల్లోకి ఆకులు, ఎడారి ఇసుక చేరి తేమ పట్టి, రేడియేటర్లను, వాటి ముందుండే ఏసీ భాగాలను లోపలి నుండే తినేస్తాయి. బంపర్ విప్పితే గాని ఇది కంటికి కనిపించదు. చల్లటి ద్రవం నిలువ ఉండే ప్లాస్టిక్ తొట్టి ఏళ్ల తరబడి వేడికి పగులుతుంది. మన ఊళ్లలో తిరిగే చిన్న కారుకు మూడు లీటర్లు, మూడున్నర లీటర్ల ఇంజనాయిలు సరిపోతుంది. దీనికి ఎనిమిది లీటర్లకు పైబడి కావాలి, అది కూడా ఖరీదైన రకం. ముందు టైర్లు ఒక కొలత, వెనుకవి అంతకంటే వెడల్పైన మరొక కొలత. కనుక ముందువి వెనక్కి, వెనుకవి ముందుకు మార్చి అరుగుదలను సరిచేసుకునే వీలు లేదు. వెనుక టైర్లు త్వరగా అరిగిపోతాయి. అరగకపోయినా ఎండకు రబ్బరు గట్టిపడుతుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. కొనే ముందు వాటిని చదవడం ఎవరికైనా సాధ్యమే.

అయితే ఇవన్నీ చిన్న విషయాలు. పెద్దది ఇంజన్ లోపల ఉన్నది. ఆ కాలపు మామూలు 911 కార్ల ఇంజన్లలో ఒక నడిమి ఇరుసు ఉంటుంది. దాని చివర అరచేతిలో పట్టేంత బేరింగు ఒకటి ఉంటుంది. అది అరిగి విరిగితే ఇనుప ముక్కలు ఆయిల్‌తో పాటు ఇంజన్ అంతటా తిరిగి, మొత్తం ఇంజన్ పనికిరాకుండా పోతుంది. ముందస్తు హెచ్చరిక కూడా అన్ని వేళలా ఉండదు. అమెరికాలో యజమానులు దీనిపై కోర్టుకు వెళ్లారు. 2001 నుండి 2005 మధ్య తయారైన కార్ల విషయంలో కంపెనీ వారితో రాజీ ఒప్పందానికి వచ్చింది. ఆ కాలంలోనే తయారైన టర్బో, జీటీ3 రకాలకు వేరే ఇంజన్ ఉన్నందున వాటికి ఈ బాధ లేదు. 2009 మోడల్ నుండి మామూలు రకాల్లో కూడా ఆ ఇరుసునే తొలగించారు. 2004 కారు కొనేవాడు క్లచ్ మార్పించేటప్పుడు ఈ బేరింగును కూడా మార్పించుకోవచ్చు. రెండింటికీ గేర్‌బాక్సును దించక తప్పదు గనుక కూలి ఒక్కసారే పడుతుంది. ఇదివరకే ఎవరైనా మార్పించి ఉంటే రసీదు ఉండాలి. రసీదు లేని మరమ్మతు జరగని మరమ్మతు కిందే లెక్క.

ఇక అంతకు పై తరగతి కార్ల సంగతి క్లుప్తంగా చెబుతాము. 1990లలో వచ్చిన ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టు మార్చాలంటే మొత్తం ఇంజన్‌నే కారు నుండి కిందికి దించాలి. కారు నడిపినా, నడపకున్నా కొన్నేళ్లకొకసారి ఇది తప్పదు. బుగాటీ వేరాన్ అనే కారుకు పది రేడియేటర్లు. గంటకు 400 కిలోమీటర్లు దాటే దాని గరిష్ఠ వేగంతో నడిపితే 100 లీటర్ల ట్యాంకు సుమారు పన్నెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. మిస్టర్ బీన్ పాత్రతో పిల్లలందరికీ తెలిసిన నటుడు రోవాన్ అట్కిన్సన్ 2011లో తన మెక్‌లారెన్ ఎఫ్1 కారును ప్రమాదానికి గురిచేసుకున్నాడు. దానిని బాగుచేయడానికి బీమా సంస్థ 9 లక్షల పౌండ్లకు పైగా చెల్లించింది. ఆ కారు కొత్తగా అమ్ముడైన ధర కంటే ఇది ఎక్కువ.

ఆయనకు పూర్తి బీమా ఉన్నది. మన షార్జా యువకునికి ఉంటుందా? అక్కడ ఏటా ముల్కియా పునరుద్ధరించాలంటే బీమా తప్పనిసరి. కాని బాగా పాతబడిన కార్లకు, అందునా స్పోర్ట్స్ కార్లకు, చాలా కంపెనీలు ఎదుటివారి నష్టం మాత్రమే భరించే బీమా ఇస్తాయి. అంటే గుద్దుకుంటే తన కారు తన ఖర్చే. పెట్రోలును గురించి మేము రాయడం లేదు. అది బంకు దగ్గర కంటికి కనిపించే ఖర్చు. కుర్రవాళ్లు లెక్కించేది కూడా ఆ ఒక్కదానినే.

అమ్మేవారి బాధ్యతను గురించి కూడా రెండు మాటలు రాయాలి. మదీనా బజారులో ఒక వర్తకుని ధాన్యపు రాశిలో దైవప్రవక్త (సల్లం) చెయ్యి పెట్టి చూడగా పైన ఎండి, లోపల తడిసి ఉన్న సంగతి మన ఇళ్లలో అందరికీ తెలుసు. మెరుగు పెట్టిన పాత కారు అచ్చంగా ఆ రాశి వంటిదే. ఆయిల్ కారుతున్న ఇంజన్‌ను నీళ్లతో కడిగి, హెచ్చరిక దీపాన్ని ఆర్పించి, బజారులో నిలబెట్టేవాడు పైన ఎండిన గింజలు పోసినవాడే. లోపం అమ్మకానికి ముందే ఉండి, కొన్నవానికి అది తెలియకపోతే, హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సరుకును తిరిగి ఇచ్చేసే హక్కు అతనికి ఉన్నది. లేదా అదే ధరకు ఉంచుకోవచ్చు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. "ఏ లోపమున్నా నాకు సంబంధం లేదు, ఉన్నదున్నట్టుగా అమ్ముతున్నాను" అని అమ్మేవాడు అన్నప్పుడు కొనేవాడు ఒప్పుకుంటే, తర్వాత తిరిగి ఇచ్చే హక్కు పోతుంది. తెలిసి దాచిన పాపం అమ్మినవాని మీదే ఉంటుంది గాని, డబ్బు మాత్రం తిరిగి రాదు. పాత కార్ల బజార్లలో ఈ మాట అలవాటుగా వాడతారు. ఆ మాట విన్నప్పుడు సరే అనే ముందు కారును తనకు నచ్చిన మెకానిక్ వద్దకు తీసుకువెళ్లి లిఫ్టు మీద ఎక్కించి చూపించుకోవాలి. దానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే బేరం మానుకోవడమే మంచిది.

"ఇది పెట్టుబడి మౌలానా, ఇలాంటి కార్ల ధర పెరుగుతుంది" అనేవారు కూడా ఉన్నారు. కొన్ని అరుదైన రకాలకు అది నిజమే. కాని తిరిగి అమ్మే నియ్యత్‌తోనే కొన్న కారు వ్యాపార సరుకు అవుతుంది. దాని బజారు విలువపై ఏటా రెండున్నర శాతం జకాత్ ఇవ్వాలి. సొంత ప్రయాణానికి కొన్నదానిపై జకాత్ లేదు. రెండింటిలో ఏదో ఒకటి ముందే తేల్చుకోవాలి.

మరొక ఆశ కూడా కొందరిలో చూస్తున్నాము, తిరిగి వచ్చేటప్పుడు కారును ఇంటికి తెచ్చుకోవచ్చునని. విదేశాల్లో వాడిన కారును మన దేశానికి తేవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఎమిరేట్స్ కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఆ 2004 కారు నంద్యాల వీధిని ఎన్నటికీ చూడదు. ఉద్యోగం పోయి, వీసా రద్దయి, నెల రోజుల్లో బయలుదేరవలసి వస్తే దానిని అక్కడే, ఎదుటివాడు చెప్పిన ధరకు వదిలి రావాలి.

ఇస్రాఫ్ అవుతుందా అన్న ప్రశ్నకు మేము అవునని గాని కాదని గాని రాయలేదు. స్తోమత ఉండి, ఎవరి హక్కుకూ లోటు రానీయక, అటువంటి కారును శ్రద్ధగా చూసుకునేవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అతనికి మేము సూచించిన పని ఇది: బేటా, నీ గ్యారేజీ మిత్రునితో కూర్చొని సర్వీసింగు, టైర్లు, బీమా, ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద మరమ్మతు అన్నీ కలిపి ఏడాది ఖర్చు రాయించు. పన్నెండుతో భాగించు. ఆ మొత్తాన్ని కారు కొనకుండానే ఆరు నెలలపాటు ప్రతి నెల మొదటి తారీఖున పక్కన పెట్టు. ఆ ఆరు నెలల్లో నంద్యాలకు పంపే డబ్బు ఒక్క రూపాయి తగ్గకపోతే, నిఖా కోసం ఎవరి దగ్గరా చేయి చాచకపోతే, అప్పుడు కారును చూడు. బ్యాంకు వడ్డీ మీద అయితే అసలు చూడకు.

ఇప్పటికే ఇటువంటి కారు కొని ఉన్నవారు సెలవుపై ఇంటికి వచ్చేటప్పుడు దానిని ఎండలో వదిలి రాకూడదు. ట్యాంకు నింపి, టైర్లలో గాలి సరిచేసి, బ్యాటరీకి నెమ్మదిగా చార్జి అందించే పరికరం తగిలించాలి. తాళం చెవి నమ్మకస్తుని వద్ద ఉంచి, వారానికొకసారి దుమ్ము తుడిపించాలి. దుమ్ము పేరుకుని వదిలేసినట్టు కనిపించే కార్లకు అక్కడి మునిసిపాలిటీవారు నోటీసు అంటించి లాక్కుపోతారు. ముల్కియా గడువు సెలవు మధ్యలో ముగియకుండా విమానం టికెట్టు తీసుకునే ముందే చూసుకోవాలి.