బొడ్డు ఊడిన రోజు కార్డులో ఉండాలి

పుదుచ్చేరి పట్టణంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల వాడ వైతికుప్పం. అక్కడైనా, అదే కేంద్రపాలిత ప్రాంతంలోని తెలుగు పట్టణం యానాంలోనైనా, బిడ్డ పుట్టిన ఇంట్లో పెద్దవాళ్లు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: బొడ్డు ఊడిందా? మామూలుగా అది ఒకటి రెండు వారాల్లో ఊడిపోతుంది. నాలుగు వారాలైనా ఊడకపోతే, చాలామంది పిల్లల్లో భయపడాల్సిందేమీ ఉండదు. కొద్దిమందిలో మాత్రం అది తెల్ల రక్తకణాల్లో పుట్టుకతో వచ్చిన లోపానికి తొలి గుర్తు. ఆ జబ్బు పేరు ల్యూకోసైట్ అడ్హీషన్ డెఫిషియెన్సీ, పొట్టిగా లాడ్.

న్యూట్రోఫిల్ అనే తెల్లకణం నెత్తుటి ప్రవాహంలో వేగంగా సాగిపోతుంటుంది. సూక్ష్మజీవులు చేరిన చోట అది ముందు రక్తనాళపు గోడ వెంట దొర్లుతూ నెమ్మదిస్తుంది. తర్వాత గోడను గట్టిగా పట్టుకుని, సందుల్లోంచి కణజాలంలోకి దూరుతుంది. ఆ పట్టు బీటా-2 ఇంటెగ్రిన్ అనే ప్రొటీన్లది. వాటన్నిటిలో ఉమ్మడి భాగం సీడీ18. దాన్ని తయారుచేసే ఐటీజీబీ2 జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా దెబ్బతిన్న ప్రతులే వస్తే బిడ్డకు మొదటి రకం లాడ్ వస్తుంది. కణాలకు కొదవ ఉండదు, లంగరు లేని పడవల్లా రేవు దాటి పోతుంటాయి. అందుకే రక్తపరీక్షలో తెల్లకణాలు విపరీతంగా కనిపిస్తాయి, పుండులో మాత్రం చీము ఉండదు. చీము పట్టలేదని ఇంట్లోవాళ్లు ఊరట చెందే చోటే అసలు ప్రమాదం ఉంది.

రెండో రకంలో దొర్లే దశే తప్పుతుంది, ఫ్యూకోజ్ అనే చక్కెర కణం పైకి చేరకపోవడం వల్ల. ఆ పిల్లల రక్తం, 1952లో డాక్టర్ భేండే బృందం ముంబయిలో కనుగొన్న బాంబే గ్రూపుకు చెందుతుంది! మూడో రకంలో ఇంటెగ్రిన్లు ఉంటాయి గానీ, కిండ్లిన్-3 లేక అవి పనిలోకి దిగవు.

పది లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బుకు ఇంత హడావుడి ఎందుకని అడగవచ్చు. మేనరికాలు మామూలైన మన ప్రాంతాలకు ఆ అంచనా సరిపోదు. ఒకే జన్యులోపాన్ని మోస్తున్న ఇద్దరు దంపతులయ్యే అవకాశం ఇక్కడ ఎక్కువ. వారికి పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు. భారతీయ వైద్యులు 2020లో ప్రచురించిన ఒక్క పరిశోధనలోనే వందకు పైగా లాడ్ రోగుల వివరాలున్నాయి. అలాగని మేనరికాన్ని తిట్టి ఊరుకుంటే, ఇప్పటికే పుట్టిన బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

చేయగల పని చిన్నది. నవజాత శిశువుల కోసం ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లే పథకం దేశంలో ఉంది. బొడ్డును వాళ్లు ఎలాగూ చూస్తారు. అది ఊడిన రోజును కార్డులో రాయాలి. 28వ రోజుకూ ఊడకపోయినా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా పూర్తి రక్తకణాల లెక్క చేయించాలి. న్యూట్రోఫిల్స్ మరీ ఎక్కువగా ఉంటే ఫ్లో సైటోమెట్రీతో సీడీ18ని కొలవాలి. జిప్మర్ లాంటి కేంద్ర సంస్థ ఉన్న పుదుచ్చేరి ఈ పని మొదలుపెట్టడానికి తగిన చోటు.

తీవ్రమైన మొదటి రకంలో, మూలకణ మార్పిడి జరగకపోతే ఎక్కువమంది పిల్లలు రెండేళ్లు నిండకముందే చనిపోతారు. మార్పిడితో నయమయ్యే రోగనిరోధక లోపాలకు 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం చోటిచ్చింది. సాయం పరిమితిని తర్వాత 50 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఒక గుర్తింపు కేంద్రంగా ఉన్నాయి. కానీ జబ్బు పేరు కాగితం మీదకు వచ్చాకే ఆ దరఖాస్తు కదులుతుంది.