ఐదు వాద్యములు, ఒక ఋణము

ఒక సీమవారు తమ పాటను తమదని చెప్పుకొనుట సహజము. ఆ పాట తమకు ఎవరివలన లభించినదో చెప్పుట ధర్మము. మొదటిదానిని ఎల్లరును చేయుదురు. రెండవదానికి పూనుకొనువారు కొందఱే. అమెరికాలో “బ్లూగ్రాస్” అను పేర వ్యాపించిన పల్లెసంగీతముయొక్క చరిత్రమును పరిశీలించినపుడు మాకీ సంగతి మిక్కిలి స్పష్టముగా గోచరించినది. మన పాఠకులలో పెక్కుమందికి ఆ సంగీతము క్రొత్త కావచ్చును గనుక ముందు దాని పుట్టుకను చెప్పి, పిదప మా అభిప్రాయమును నివేదించెదము.

కెంటకీ రాష్ట్రమునకు “బ్లూగ్రాస్ సీమ” అని వాడుకపేరు. ఆ రాష్ట్రపు పశ్చిమభాగమున రోజీన్ అను పల్లెలో, వ్యవసాయకుటుంబమున, 1911 సెప్టెంబరు 13వ తేదీన బిల్ మన్రో జన్మించెను. ఎనమండ్రు సంతానములో ఆయన కడపటివాడు. ఫిడేలును గిటారును అన్నలు ముందే చేపట్టుటచేత కడగొట్టువానికి మాండొలిను మిగిలెను. పదునేడవయేడు నిండకముందే తల్లిదండ్రులిద్దఱును గతించిరి. అనాథయైన ఆ బాలుని మేనమామ పెన్ వాండివర్ తన యింట చేర్చుకొనెను. ఆ మేనమామ చుట్టుప్రక్కల పల్లెలలో నృత్యములకు ఫిడేలు వాయించువాడు. మేనల్లుడు ఆయన వెంట తిరిగి గిటారుతో తోడువాయించుచు పాటలను వంటబట్టించుకొనెను.

మన్రో 1939లో తన మేళమునకు స్వరాష్ట్రపు వాడుకపేరునే పెట్టి “బ్లూ గ్రాస్ బాయ్స్” అని పిలిచెను. ఆ యేటి అక్టోబరునందే నాష్‌విల్ రేడియోలో ప్రతి శనివారమును జరుగు “గ్రాండ్ ఓల్ ఆప్రీ” సభలో దానికి స్థానము దొరికెను. 1945 చివర ఎర్ల్ స్క్రగ్స్ అను యువకుడు బాంజోతో వచ్చి చేరెను. మన్రో మాండొలిను, లెస్టర్ ఫ్లాట్ గిటారు, స్క్రగ్స్ బాంజో, చబ్బీ వైజ్ ఫిడేలు, హోవర్డ్ వాట్స్ పెద్ద బాస్ వాద్యము: 1946 సెప్టెంబరులో చికాగోలో ఈ యైదుగురును కలసి యిచ్చిన గ్రామఫోను పాటలే బ్లూగ్రాస్ సంగీతమునకు నేటికిని ఒరవడి.

ఆ మేళము నడక చూడదగినది. బాస్ అడుగు వేయును. మాండొలిను అడుగునకు అడుగునకు నడుమ తెగగొట్టినట్లు పలుకును. బాంజోపై మూడు వ్రేళ్లు జడివానవలె స్వరములను కురిపించును. ఒకరు ముందునకు వచ్చి వాయించునపుడు తక్కినవారు తగ్గి తోడ్పడుదురు. ఆయన ముగించి వెనుకకు జరుగగనే మఱియొకరు వచ్చెదరు. విద్యుత్తుతో పలుకు వాద్యమొక్కటియు లేదు. సంప్రదాయము పాటించు ఊరిమేళములవారు ఇప్పటికిని ఒకే మైకుచుట్టు గుమిగూడి, ఒకరికొకరు దారి యిచ్చుకొనుచు పాడుదురు.

ఇక మా అభిప్రాయము. ఈ సంగీతము అనాదినుండి మారక వచ్చినదనియు, కొండపల్లెలవారి శుద్ధసొత్తనియు తలచువారు పెక్కండ్రు గలరు. వారి అభిమానము మాకు గౌరవపాత్రమే. కాని చరిత్రము వారి మాటను సమర్థింపదు. కెంటకీ పేరు మోసిన ఆ యైదుగురిలో కెంటకీవాడు మన్రో యొక్కడే. ఫ్లాట్ టెన్నెసీవాడు, స్క్రగ్స్ ఉత్తర కరోలినావాడు, తక్కిన యిరువురును ఫ్లోరిడావారు. స్క్రగ్స్ బాంజోవాదనము 1945లో సభలవారికి ఆశ్చర్యము గొల్పిన నూతనత్వము. ఇక ఆ బాంజోయే ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారు తమ దేశపు తీగవాద్యములను స్మరించి సొరకాయబుఱ్ఱలతో చేసికొన్న వాద్యము. కొరడాదెబ్బలు తినినవారి చేతులలో పుట్టినదానిని వారి పేరెత్తక శుద్ధసొత్తనుట న్యాయమా?

మేనమామతోపాటు మన్రోకు మఱియొక గురువుండెను. ఆయన ఆర్నాల్డ్ షుల్ట్స్, నల్లజాతివాడు, బొగ్గుగనులలో కూలి, ఫిడేలునందును గిటారునందును సమర్థుడు. పల్లెనృత్యములలో షుల్ట్స్ ఫిడేలు వాయింపగా బాలుడైన మన్రో గిటారుతో తోడుండెను. షుల్ట్స్ 1931లో మరణించెను. ఆయన వాద్యమొక్క గ్రామఫోను పలకకైనను ఎక్కలేదు. మన్రో ఈ ఋణమును దాచినవాడు కాడు. పెద్దవాడైన పిదప షుల్ట్స్ పేరు చెప్పుచునే యుండెను. అయినను మేనమామ పేర 1950లో ఒక పాట వెలువడి లోకమంతట వినబడెను. షుల్ట్స్ పేర అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంగీతసంఘపు ధర్మసంస్థ ఒక నిధిని నెలకొల్పుటకు 2020 వఱకు, అనగా ఆయన పోయిన 89 ఏండ్ల వఱకు, వేచియుండవలసివచ్చెను.

మన్రో తాను తీసికొన్నది చెప్పెను గాని, తననుండి తీసికొన్నవారిని చాలకాలము సహింపలేకపోయెను. 1948లో ఫ్లాట్, స్క్రగ్స్ మేళమును వీడి వేఱు మేళము కట్టగా ఆయనకు కోపము వచ్చెను. స్టాన్లీ సోదరులు తన రీతిని అనుకరించుచున్నారనియు, వారినికూడ తన గ్రామఫోను కంపెనీయే చేర్చుకొన్నదనియు కినిసి, ఆ కంపెనీనే విడిచెను. కాని ఆ అనుకరణము లేనియెడల బ్లూగ్రాస్ ఒక్క మనుష్యుని ప్రజ్ఞగా నిలిచి ఆయనతోనే ముగిసియుండును. పదిమంది అనుకరించుటచేతనే అది సంప్రదాయమైనది. మన్రోయు దీనిని క్రమముగా గ్రహించినట్లున్నది. 1951లో కార్టర్ స్టాన్లీ కొంతకాలము ఆయన మేళముననే పాడెను. 1965లో వర్జీనియాయందు ఫిన్‌కాసిల్‌లో జరిగిన ఉత్సవమున ఆయన పూర్వసభ్యులు ఒకరి తరువాత ఒకరు వేదిక యెక్కి ఆయనతో వాయించిరి. ఫ్లాట్‌తో మాటలు లేక యిరువదియేండ్లు గడచిన పిమ్మట 1971లో బీన్ బ్లాసమ్ ఉత్సవమున ఇరువురును చేయి కలిపిరి. మేళమున చేరినవారికి ఇట్లు వేదిక దొరకెను. మేళము పుట్టకముందు నేర్పి పోయినవారికి ఏ వేదిక కలదు?

ఈ ప్రశ్న దూరదేశపుదని మనము ఉపేక్షింపరాదు. రోజీన్ పల్లెలో నిలుచుండి నృత్యమునకు వాయించిన ఆ ఫిడేలే మన దేశమున కూర్చుండి కాలిమడమపై ఆనించి రాగమాలపించు వాయులీనము. ఇరుచోట్లకును అది ఐరోపానుండియే వచ్చినది. బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటకసంగీతమునకు అలవఱచెనని మనవారు బాహాటముగా చెప్పుకొందురు. అందుచేత విజయనగరమున ద్వారం వేంకటస్వామి నాయుడుగారి కమానునుండి వెలువడిన నాదము మనది కాకపోయినదా? తెచ్చినవారి పేరు చెప్పుటచేత ఆ విద్యకు లోపమేమియు కలుగలేదు. ఋణము నొప్పుకొన్నంతమాత్రమున సొత్తు చేజారదు.

ఊరిమేళములను ఆదరింపుడని మేము వేఱుగా చెప్పనక్కఱలేదు. పగలెల్ల పనిచేసికొని సాయంకాలము తీగలు సవరించుకొని కూర్చుండు ఆ సామాన్యులే యేదేశముననైనను పాటను నిలుపువారు. వారికి మా విన్నపమొక్కటి. సభామధ్యమున మేళమువారి పేర్లు చదువుట ఆచారము. ఆ పేర్లు ముగిసిన వెంటనే ఒక్కొక్కరును తనకు నేర్పినవారి పేరునుకూడ చెప్పవలెను. ఆ నేర్పినవాడు మేనమామ కావచ్చును, బొగ్గుగని కూలి కావచ్చును. తన తెగవాడు కాకపోవచ్చును. ఇందులకు ధనమక్కఱలేదు, నిధులక్కఱలేదు, అరనిమిషము చాలును. 89 ఏండ్ల ఆలస్యము మఱియొక షుల్ట్స్‌కు కలుగకుండుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము మాకు తోచుట లేదు.