సంప్రదాయ న్యాయదృష్టి – సుబ్బారావుగారి తీర్పులు

"ఆ న్యాయమూర్తి సంప్రదాయవాది" అనగానే మన యువకులు ముఖం చిట్లిస్తారు. మార్పుకు అడ్డుపడేవాడు, ఉన్నవారి పక్షం వహించేవాడు అన్న అర్థం ఆ మాటకు స్థిరపడిపోయింది. అది ఎంతవరకు సమంజసమో మన గుంటూరులోనే పనిచేసిన ఒక న్యాయమూర్తి తీర్పులను బట్టి విచారిద్దాం.

రాజమహేంద్రవరంలో జన్మించిన కోకా సుబ్బారావుగారు 1954లో గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కులను హరించే, కుదించే అధికారం పార్లమెంటుకు లేదని ఆయన ప్రకటించారు. పదకొండుగురిలో ఆరుగురు ఆ పక్షం, అయిదుగురు ఎదురు పక్షం.

వివాదం పంజాబులోని ఒక కుటుంబం భూమిని గురించినది. కనుక ఇది భూస్వాములకు కొమ్ముకాసే తీర్పని పలువురు నిందించారు. ఆ వెంటనే ఆయన పదవి విడిచి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో డాక్టర్ జాకీర్ హుస్సేన్‌గారిపై పోటీచేసి ఓడిపోవడంతో నింద మరింత హెచ్చింది. సెంటు భూమి లేని కౌలురైతుకు ఆస్తిహక్కు ఏమి ఊరట? ఆ ప్రశ్నలో న్యాయముంది. అయితే ఆ తీర్పు గత సవరణలను కదపలేదు, ఇకముందుకే వర్తిస్తుందన్నది. ఈ పద్ధతిని సుబ్బారావుగారు అమెరికా న్యాయశాస్త్రం నుండే గ్రహించారు.

ఆయనదే మరొక అభిప్రాయం చూడండి. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ ఇంటి తలుపును పోలీసులు అర్ధరాత్రి తట్టేవారు. 1962లో ఆ కేసులో, వ్యక్తి స్వేచ్ఛలో ఏకాంతం కూడా ఒక భాగమని ఆయన మైనారిటీ అభిప్రాయం వ్రాశారు. రాజ్యాంగంలో ఆ మాట లేదు. అయినా 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా అంగీకరించారు.

అమెరికాలో సంప్రదాయ న్యాయచింతన వేరు దారి తొక్కింది. రాజ్యాంగాన్ని వ్రాసిననాటి అర్థంలోనే చదవాలని స్కాలియా వంటి న్యాయమూర్తులు బోధించారు. ఆ చింతన బలపడి, గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి తీర్పును 2022లో అక్కడి సుప్రీంకోర్టు త్రోసిపుచ్చింది. ప్రజలెన్నుకోని న్యాయమూర్తులు కొత్త హక్కులు సృష్టించరాదన్నది వారి వాదం. అది తేలికగా కొట్టివేయదగినది కాదు. కాని ప్రతి హక్కునూ అధికసంఖ్యాకుల దయకు వదిలితే, అల్పసంఖ్యాకులకు మిగిలేది ఏమిటి?

మిరప కళ్ళంలో తాలుకాయలు ఏరివేసినట్లు కాలం గోలక్‌నాథ్ తీర్పును ఏరింది. 1973లో కేశవానంద భారతి కేసు దానిని త్రోసివేసి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం పార్లమెంటు మార్చరాదన్నది. 1978 నాటి 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల నుండి తొలగించింది. పోవలసినది పోయింది, అధికారానికి హద్దు ఉండాలన్న సూత్రం నిలిచింది.

మన కళాశాల వంటి సంస్థలకు ఆధారమైన 30వ అధికరణం ఆ హద్దు వెనుకనే ఉంది. నిన్న భూస్వామి ఆశ్రయించిన గట్టే నేడు మనకూ కాపు. కనుక విద్యార్థి సోదరులారా, న్యాయమూర్తిని బిరుదును బట్టి తూచకండి. ఆయన దేనిని కాపాడుతున్నాడో, ఎవరి నుండి కాపాడుతున్నాడో అడగండి.