ఓటమికి కారణం ఒక్క ఓటేనా?

1979 మార్చి 28వ తేదీ రాత్రి లండనులోని కామన్స్ సభలో ఓట్లు లెక్కించినారు. ప్రభుత్వంపై అవిశ్వాసం తెలిపినవారు 311 మంది. విశ్వాసం తెలిపినవారు 310 మంది. జేమ్స్ కాలహన్ నాయకత్వాన నడచిన లేబర్ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయినది. 1924 తరువాత బ్రిటనులో అవిశ్వాస తీర్మానం వలన ఒక ప్రభుత్వం పతనం కావడం అదే మొదటిసారి. పరీక్షకు చదువుకొనే విద్యార్థి ఈ సంఖ్యలను కంఠస్థం చేసి తృప్తి పడవచ్చును. కాని చెట్టు కూలిన క్షణంలో వీచిన గాలినే కారణమనుకొనేవాడు దాని వేళ్లను చూడనివాడే. ఆ వేళ్లు చూడవలెనన్న అంతకు ముందటి మూడేండ్ల చరిత్రను తిరుగవేయవలెను.

కాలహన్ సంపన్నుల ఇంట పుట్టినవాడు కాడు. 1912లో పోర్ట్స్‌మత్ పట్టణంలో ఒక నావికుని కుమారుడుగా జన్మించి, చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, విశ్వవిద్యాలయ విద్యకు స్తోమత లేక, పన్నుల కార్యాలయంలో గుమాస్తాగా జీవితం ఆరంభించినాడు. అక్కడినుండి ఉద్యోగుల సంఘంలోనికి, ఆ సంఘంనుండి రాజకీయాలలోనికి వచ్చినాడు. ఆర్థిక, హోం, విదేశాంగ మంత్రి పదవులు మూడింటిని, ఆపైన ప్రధాని పదవిని కూడ నిర్వహించినవాడు ఆ దేశంలో ఆయన ఒక్కడే. 1969లో కార్మిక సంఘాలను అదుపుచేయు శాసనం తేవలెనని సొంత మంత్రివర్గమే తలపెట్టగా, దానిని ఎదిరించి నిలిచినవారిలో ఆయన ప్రముఖుడు. అటువంటివాని ప్రభుత్వం కార్మికుల సమ్మెల నడుమనే కూలిపోవడం ఈ కథలోని విషాదం.

1976 ఏప్రిల్‌లో హెరాల్డ్ విల్సన్ రాజీనామాతో ఆయనకు సంక్రమించినది సింహాసనం కాదు, అప్పుల పద్దు. 1973లో చమురు ధరలు విపరీతంగా పెరిగిన ఫలితం బ్రిటను ప్రతి ఇంటికీ చేరినది. 1975 ఆగస్టు నాటికి ధరలు ఏడాదికి దాదాపు 27 శాతం చొప్పున పెరుగుచుండెను. పౌను విలువ పడిపోయినది. 1976 సెప్టెంబరులో విదేశాలలో సమావేశానికి బయలుదేరిన ఆర్థికమంత్రి డెనిస్ హీలీ విమానాశ్రయంనుండే వెనుదిరుగవలసి వచ్చినది. ఒకనాడు సగం ప్రపంచానికి అప్పులిచ్చిన దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి వాకిట నిలిచి 390 కోట్ల డాలర్లు అప్పడిగినది. ప్రభుత్వ వ్యయాన్ని తగ్గింపవలెనన్నది ఆ అప్పుకు షరతు. ఖర్చు పెంచి మాంద్యంనుండి బయటపడు రోజులు పోయినవని కాలహన్ తన పక్షపు మహాసభలోనే చెప్పినాడు. ప్రభుత్వం తీసుకొనవలసిన రుణాన్ని ఆనాటి ఖజానా అధికారులు మితిమీరి అంచనా వేసినారని తరువాత తేలినది. ఆ సంగతి హీలీయే చెప్పినాడు. కాని అప్పటికే తగ్గింపులు జరిగిపోయినవి.

ఈ కష్టకాలంలో ప్రభుత్వానికి ఊతమిచ్చినది కార్మిక సంఘాలతో చేసికొన్న సామాజిక ఒడంబడిక. దాని సారాంశం సులభమే. సంఘాలు జీతాల పెంపును అదుపులో ఉంచవలెను. ప్రభుత్వం ధరలను, పింఛనులను, కార్మికుల హక్కులను కనిపెట్టి ఉండవలెను. 1975లో వారానికి 6 పౌనులకు మించి పెంపు లేదన్నారు. 1976లో పరిమితి సుమారు నాలుగున్నర శాతమన్నారు. 1977లో 10 శాతమన్నారు. ధరలు ముందు పరుగెత్తుచుండగా జీతాలు వెనుకబడినవి. అయినను శ్రామికులు చాలవరకు ఓర్చుకొన్నారు. 1978 నాటికి ధరల పెరుగుదల 8 శాతం దరిదాపులకు దిగివచ్చినది. ఆ విజయంలో మంత్రుల మేధకు వాటా ఉన్నది. కాని పెద్ద వాటా పొదుపుగా వండుకొని తిన్న ఇల్లాండ్రది, పాత కోటుతోనే చలికాలం గడిపిన కూలివారిది.

అట్టి సమయంలో, 1978 జూలైలో, ప్రభుత్వం నాలుగవసారి చేయి చాచినది. ఈసారి పరిమితి 5 శాతం. మూడేండ్లు ఓర్చినచో పిమ్మట స్వేచ్ఛగా బేరమాడుకొనవచ్చునని ఆశించిన వారికి ఇది పిడుగుపాటు. కార్మిక సంఘాల మహాసభ కాదన్నది. లేబర్ పక్షపు మహాసభయు కాదన్నది. ఆ శరదృతువులో ఎన్నికలు జరిపి ప్రజల తీర్పు కోరుతాడని అందరును ఎదురుచూడగా, సెప్టెంబరు 7వ తేదీన కాలహన్ ఇప్పుడు ఎన్నికలు లేవని ప్రకటించినాడు. వసంతం వరకు ఆగినచో మేలు జరుగునని ఆయన లెక్క. నడుమ శీతకాల మొకటి ఉన్నదన్న సంగతి ఆ లెక్కలో చేరలేదు.

ముందుగా ఫోర్డ్ మోటారు కర్మాగారాల కార్మికులు సమ్మెకట్టి, 17 శాతం పెంపు సాధించుకొన్నారు. ఆ సంస్థను దండించుటకు ప్రభుత్వం పూనుకొనగా, డిసెంబరులో కామన్స్ సభ అందుకు అంగీకరింపలేదు. బలమున్నవాడు 17 శాతం పుచ్చుకొనిపోయిన తరువాత, బలహీనునితో 5 శాతమే ధర్మమని చెప్పడానికి ఏ నోరు పలుకును? 1979 జనవరిలో లారీ డ్రైవర్లు పని మానినారు. 22వ తేదీన ప్రభుత్వ, పురపాలక సేవలలోని చిన్న ఉద్యోగులు సుమారు 15 లక్షలమంది ఒకేరోజు విధులు మానుకొన్నారు. ఆసుపత్రి పనివారు, బడి కాపలాదారులు, చెత్త ఎత్తువారు అందులో ఉన్నారు. వారు అడిగినది వారానికి 60 పౌనుల కనీస వేతనం. లివర్‌పూల్‌లో శ్మశానాల పనివారు సైతం సమ్మెకు దిగగా శవాలు ఖననం కాక నిలిచిపోయినవి.

ఇందులో కార్మికుల తప్పు లేదని ఎవరును అనజాలరు. రోగి ఎదుట ఆసుపత్రి తలుపు మూయడం, దుఃఖంలో ఉన్నవారికి అంత్యక్రియలు దక్కకుండ చేయడం ఏ న్యాయశాస్త్రానికిని ఒప్పుదల కాదు. ఆ పనులతో వారు తమకు సానుభూతి చూపగలవారినే దూరం చేసికొన్నారు. కాని ఎద్దు పుండు కాకికి ముద్దా అన్న సామెత ఊరకనే పుట్టలేదు. అందరికంటె తక్కువ జీతంతో, అందరు అసహ్యించుకొను పనిని నిత్యం చేయువారి బాధ పని ఆగిన నాటికిగాని లోకానికి కనబడకపోవుట వారి నేరమా, లోకం నేరమా?

ఆ జనవరి 10వ తేదీన కాలహన్ గ్వాడలూప్ ద్వీపంలోని శిఖరాగ్ర సమావేశంనుండి తిరిగివచ్చినాడు. దేశంలో అరాచకం పెరుగుచున్నది గదా అని విలేఖరు లడుగగా, ప్రపంచంలో ఇతరు లట్లు అనుకొనరని ధీమాగా బదులిచ్చినాడు. మరునాడు సన్ పత్రిక, సంక్షోభమా, ఏమి సంక్షోభం, అను అర్థం వచ్చు శీర్షిక వేసినది. ఆ మాటలు ఆయన అన్నవి కావు. అయినను నేటికిని ఆయన పేరిట చెలామణి అగుచున్నవి. అబద్ధపు మాట ఎందుకు అంతగా అతుక్కొనిపోయినది? పత్రిక నేర్పు కొంత. కాని తమ బాధ ప్రభువునకు పట్టలేదని జనం అప్పటికే నమ్మియుండుట అసలు కారణం.

ఇక ఆ మార్చి రాత్రికి వత్తము. ఆల్‌ఫ్రెడ్ బ్రౌటన్ అను లేబర్ సభ్యుడు అవసాన దశలో ఉన్నాడు. లండనుకు తీసికొనివచ్చినచో దారిలోనే ప్రాణం పోవచ్చును. ఓటు దక్కునని తెలిసియు కాలహన్ అందుకు ఒప్పుకొనలేదు. ఒక పక్షపు సభ్యుడు రోగియైనచో ఎదుటిపక్షంలో ఒకరు ఓటు మానుకొనుట అక్కడి సంప్రదాయం. లేబర్ విప్ వాల్టర్ హారిసన్ ఆ మాట ఎత్తగా, ఇంత ముఖ్యమైన ఓటుకు తన పక్షంలో ఎవరును ఒప్పుకొనరనియు, మాట ఇచ్చినవాడను గనుక తానే ఓటు మానుకొందుననియు కన్సర్వేటివ్ విప్ బెర్నార్డ్ వెదరిల్ అన్నాడు. దానితో ఆయన రాజకీయ జీవితం ముగిసెడిదే. హారిసన్ ఆ త్యాగాన్ని స్వీకరింపక మాటనుండి విముక్తుని చేసినాడు. ప్రభుత్వం పోయినది, ఐదు రోజులకు బ్రౌటన్ కన్నుమూసినాడు.

ఇంత మర్యాదగల మనుషులు నడిపిన ప్రభుత్వం ఎందుకు కూలినది? ఇక్కడనే ఈ కథ మర్మం ఉన్నది. ప్రత్యర్థికిచ్చిన మాట నిలుపుకొనుట సభలోని పెద్దలకు తెలిసినది. బడి ఊడ్చువానికి, ఆసుపత్రిలో రోగిని మోయువానికి ఇచ్చిన మాట కూడ అంతే బరువైనదని మాత్రం తోచలేదు. మూడుసార్లు త్యాగం చేసినవానిని నాలుగవసారి అడుగునప్పుడు, ఇంతవరకు చేసిన త్యాగానికి ప్రతిఫలమేమో ముందు చెప్పవలెను. కాలహన్ అంకెను చెప్పినాడుగాని ఆశను చెప్పలేదు. ఒక్క ఓటు లోటు మార్చిలో బయటపడినది. విశ్వాసపు లోటు అంతకు ముందే ఏర్పడినది.

మే 3వ తేదీ ఎన్నికలలో కన్సర్వేటివులు 339 స్థానాలు, లేబర్ పక్షం 269 స్థానాలు గెలుచుకొన్నవి. మార్గరెట్ థాచర్ ప్రధాని అయినది. పిమ్మట సంఘాల శక్తిని శాసనాలు ఒక్కొక్కటిగా కుదించినవి; 1982 నాటికి నిరుద్యోగులు 30 లక్షలు దాటినారు. ఐదు శాతాన్ని కాదన్న కార్మికులును, దానిని పట్టుకొని వ్రేలాడిన ప్రభుత్వమును చివరకు కలిసే ఓడినారు. తరగతిలో ఈ పాఠం చెప్పు ఉపాధ్యాయుడు 311, 310 అను అంకెలను తప్పక చెప్పవలసినదే. వాటి ప్రక్కన, ఆ రాత్రి సభలో లేనివాడు, ఓటు లెక్కలో చేరనివాడు అడిగిన 60 పౌనుల అంకెను కూడ నల్లబల్లపై వ్రాసినచో విద్యార్థికి చరిత్ర అర్థమగును.