పుట్టినరోజుకు తాబేలు కొంటున్నారా?



ఈమధ్య పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ఒక అమ్మ ఆగి అడిగారు. "మావాడు ఐదో తరగతి. పుట్టినరోజుకు చిన్న తాబేలు కావాలంటున్నాడు. మొరగదు, ఇల్లు పాడుచేయదు. కొనివ్వమంటారా?"

నాకు హైదరాబాద్ జూలోని పెద్ద తాబేలు గుర్తొచ్చింది. పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల జాతి, మగది. 2024 మార్చిలో చనిపోయింది. వృద్ధాప్యంతో అవయవాలు పనిచేయడం మానేశాయి. చివరి పది రోజులూ మేత ముట్టలేదట. అధికారులు చెప్పిన వయసు 125 ఏళ్లు. అంటే 1908లో మూసీ వరద వచ్చేనాటికే దానికి తొమ్మిదేళ్లు! పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న దాన్ని 1963లో, జూ మొదలైనప్పుడు, అక్కడికి మార్చారు. మీలో చాలామంది చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో దాన్ని చూసే ఉంటారు. కదలడం లేదని విసుక్కుని పులుల వైపు పరిగెత్తి ఉంటారు. నేనూ అంతే.

నన్ను ఆలోచింపజేసేది దాని వయసు ఒక్కటే కాదు. 1963లో దానికి ఆకులు వేసిన ఉద్యోగులు ఎప్పుడో రిటైరయ్యారు. తర్వాత వచ్చినవాళ్లు కూడా రిటైరై ఉంటారు. మనుషులు మారుతున్నా, రోజూ ఎవరో ఒకరు మేత వేస్తూనే వచ్చారు.

మన ఇంట్లో అంత ఓపిక ఉందా? షాపుల్లో అమ్మే, చెవి దగ్గర ఎర్ర గీత ఉన్న బుజ్జి తాబేలు కొన్నేళ్లకు పళ్లెమంత అవుతుంది. సరిగ్గా చూసుకుంటే ముప్పై ఏళ్లు కూడా బతుకుతుంది. బాబు ఇంజినీరింగ్ హాస్టల్‌కు వెళ్లాక వాసన కొట్టే ఆ తొట్టి కడిగేది అమ్మే. విసుగొచ్చి భద్రకాళి చెరువులో వదిలేద్దామనుకుంటే అది ఇంకా తప్పు. అది అమెరికా జాతి. మన చెరువు తాబేళ్ల తిండికీ చోటుకూ పోటీకి వస్తుంది. ఇక కలిసొస్తుందని నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. కలిసొచ్చేది కేసే.

ఆ అమ్మకు కొనొద్దనే చెప్పాను. బాబు రెండు రోజులు అలిగాడట. దసరా సెలవుల్లో హైదరాబాద్ జూకు తీసుకెళ్తానని ఒప్పించారు. మీరూ వెళ్తే, తాబేళ్ల దగ్గర పిల్లల చెయ్యి పట్టి లాగకండి. ఒక పది నిమిషాలు నిలబడనివ్వండి, అది మెడ చాచి ఒక్క ఆకు కొరికేదాకా.