పైన పటారం

ఇనుము ఉన్న చోట తుప్పు పొంచి ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి ఇనుమును క్రమంగా క్షీణింపజేస్తాయి. ఉప్పుగాలి తోడైతే ఆ క్షయం మరింత వేగవంతమవుతుంది. విశాఖపట్నం వంటి తీరనగరాలలో పాత కార్ల మడ్‌గార్డులకు, తలుపుల అడుగులకు త్వరగా చిల్లులు పడటానికి కారణమిదే. అల్యూమినియంపై ఏర్పడే పొర ఆ లోహాన్ని రక్షిస్తుంది. తుప్పు మాత్రం గుల్లగా ఉండి, తేమను పట్టి ఉంచి, ఇనుమును మరింత లోతుగా తినివేస్తుంది.

ఈ చిల్లులను పూడ్చడానికి కొందరు సులభమార్గాన్ని ఆశ్రయిస్తారు. రంధ్రానికి జాలీ అడ్డుపెట్టి, లప్పం మెత్తి, నునుపుగా అరగదీసి రంగు వేస్తారు. కారు కొత్తదానివలె మెరుస్తుంది. కాని కొంతకాలానికే రంగు పొక్కులెత్తుతుంది, లప్పం పెచ్చులూడుతుంది. తుప్పు తరచుగా రేకు లోపలివైపు మొదలవుతుంది. పైకి కనిపించే చిల్లు దాని చివరి దశ. లోపలి తుప్పును వదలి పైపూత పూయడం పుండును కడగకుండా కట్టు కట్టడం వంటిది.

సరైన మరమ్మతుకు ఒక క్రమం ఉన్నది. ముందుగా తుప్పు పట్టిన భాగాన్ని, మెరిసే గట్టి లోహం కనిపించేవరకు కోసివేయాలి. అదే మందం గల కొత్త రేకును ఆ కొలతకు కత్తిరించి వెల్డింగు చేయాలి. పలుచని రేకు వేడికి వంకరపోతుంది కనుక చుక్కలు చుక్కలుగా, ఆగి ఆగి అతకాలి. తరువాత అతుకును అరగదీసి, ప్రైమరు పూసి, సందులు మూసి, రంగు వేయాలి. లోపలివైపు మైనపు పూత పూయాలి. నీరు జారిపోయే రంధ్రాలలోని మట్టిని తొలగించాలి. లప్పానికి కూడా స్థానం ఉన్నది. అది చివరి నునుపు కోసం మాత్రమే.

పాత బండికి ఇంత ఖర్చు అవసరమా అని కొందరు ప్రశ్నించవచ్చు. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ వంటి కార్లలో విడిగా చట్రం ఉండదు. శరీరమే బరువును మోస్తుంది. అడుగుభాగం తుప్పుపట్టి బలహీనపడితే ప్రమాద సమయంలో ప్రయాణికులకు రక్షణ తగ్గుతుంది. లప్పం చాటున ఆ లోపాన్ని దాచి బండిని అమ్మితే, కొన్నవాని కుటుంబం ఆ సంగతి తెలియకనే ప్రయాణిస్తుంది. బాగుచేయలేనంతగా పాడైన బండిని పక్కన పెట్టడమే ధర్మం.

ఈ నేరం పనివానిది మాత్రమే కాదు. తక్కువ ఖర్చులో మెరుపు కావాలని కోరే యజమానికీ అందులో భాగం ఉన్నది. ‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెత ఇటువంటి పనికి చక్కగా సరిపోతుంది. కుళ్ళినదాన్ని కోసివేసే ధైర్యం ఉన్నప్పుడే మరమ్మతు నిలుస్తుంది.